వంగితే జారని జీన్స్

ఆరో జీన్స్ కూడా మోకాళ్ళ దాకా మర్యాదగానే వచ్చింది, అక్కడి నుంచి పైకి రానని మొండికేసింది. సుచిత్ర సెంటర్లో రోడ్డు మీదికే ఉన్న బట్టల షాపు రెండో అంతస్తులో, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే ట్రయల్ రూములో నేను ఒంటికాలి మీద గెంతుతున్నాను. తలుపు కింద జానెడు ఖాళీలోంచి నా కూతురు ఆమని చెప్పులు కనబడుతున్నాయి. అది ఇంటర్ సెకండియర్. ఇంకో మూడు జీన్స్‌లు చేతి మీద వేసుకుని నిలబడి ఉంది పాపం, ఆదివారం సాయంత్రం చదువుకోవాల్సిన టైములో. పొద్దున మేడ్చల్‌లో రెండు షాపులు తిరిగి వచ్చాం, ఇది మూడోది. ఇందాకటిది తొడల్లోకి బాగానే వచ్చింది కానీ నడుము వెనక పిడికిలి పట్టేంత సందు, దానిలోకి ఫ్యాను గాలి కొట్టింది. దానికి ముందుది రెండు చోట్లా సరిపోయిందని సంబరపడి కింద కూర్చుని చూశాను, వెనక సగం దిగిపోయింది. ఒకదానికైతే నేను ఇంకో అడుగు పెరగాలి. అన్నిటి మీదా అదే నంబరు, ముప్పై నాలుగు, ఏ రెండు ముప్పై నాలుగులూ ఒకటి కావు. అసలు వీళ్ళు ఎవరిని కొలిచి కుడతారో ఆ మనిషిని నాకు ఒక్కసారి చూడాలని ఉంది. ఆమె కూర్చోదా, వంగదా, నేల మీద పడ్డది తీసుకోదా, పిల్లల్ని కనలేదా, ఆమెకు తొడలు లేవా, పొద్దంతా గోడకు ఆనుకుని నిలబడి ఉంటుందా.

నాకు జీన్స్ రేపు పొద్దున ఎనిమిదింటికి కావాలి. ఎల్లుండి దొరికితే నాకెందుకు. మేడ్చల్ అవతల హైవే పక్కన ఉన్న గోడౌన్‌లో ఆరేళ్ళ నుంచి ప్యాకింగులో పనిచేస్తున్నాను, డబ్బాలు మోసీ మోసీ ఈ తొడలు ఇట్లా గట్టిపడ్డాయి, ఈ తొడలనే ఇప్పుడు ఈ గుడ్డ ఒప్పుకోవడం లేదు. ముందుకు చాచిన రెండు ఇనప చేతులతో సరుకు ఎత్తి పై అరల్లో పెట్టే బండి ఉంటుంది, ఫోర్క్‌లిఫ్ట్, దాని మీద ఇన్నాళ్ళూ మగవాళ్ళే కూర్చున్నారు. ఈసారి ఆడవాళ్ళకు కూడా నేర్పిస్తామని నోటీసు పెట్టారు. ఇరవై ముగ్గురం పేర్లిచ్చాం, నలుగురిని పిలిచారు, ఆ నలుగురిలో నేనొకదాన్ని. మా సూపర్‌వైజర్ జనార్ధన్ సార్ నిన్న పిలిచి చెప్పాడు. “సూడు బాలమణీ, చీర నడ్వది, చున్నీ నడ్వది, ఏలాడే బట్ట ఏదీ నడ్వది. షర్టు మేమిస్తం, బూట్లు మేమిస్తం. జీన్స్ నువ్వే తెచ్చుకో. గది లేకుంట బండి ఎక్కనియ్య.” ఆయన మీద నాకు కోపం లేదు. పోయినేడాది సరుకు కదిలే పట్టా యంత్రంలో మైసమ్మ చున్నీ చిక్కుకుంది, ఎవరో స్విచ్చి ఆపారు కాబట్టి బతికింది, మెడ చుట్టూ ఎర్రటి గీత మాత్రం నెల రోజులు ఉంది. రూలు మంచిదే. కానీ అదే రూలు విన్న మగవాళ్ళు ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏం చేశారు? ఏమీ చేయలేదు. మరునాడు ఎప్పుడూ వేసుకునే ప్యాంట్లే వేసుకుని వచ్చి బండెక్కారు. మంచి రూలు ఒకటి పెట్టారు సరే, దాని ప్రకారం నడుచుకోవడానికి ఒక ఆడమనిషి మూడు షాపులు తిరిగి, గదిలో ఒంటికాలి మీద గెంతి, చెమటలు కక్కాలా?

“మమ్మీ, అయ్యిందా?” అంది ఆమని.

“తొడల కాడ్నే ఆగింది.”

“ఊపిరి బిగవట్టు. లేకుంటె పండుకొని బటన్ వెట్టుకుంటె వస్తది. నేను రోజు గట్లనే పెట్టుకుంట.”

రోజూ అట్లాగేనట. పడుకుని, ఊపిరి బిగబట్టి. దాని నడుము చుట్టూ ఉండే ఎర్రటి అచ్చు నాకు గుర్తొచ్చింది, స్నానం చేసి వచ్చినా పోదు, గుండీ ఉన్నచోట గుండ్రంగా లోపలికి దిగి ఉంటుంది. రాత్రి అన్నం పెడితే సగం తిని ఆకలి కావడం లేదంటుంది. నేను పరీక్షల టెన్షన్ అనుకున్నాను, గుడ్డు ఉడకబెట్టి ఇచ్చాను, పాలల్లో పసుపు వేసి ఇచ్చాను. పరీక్ష కాదు, గుండీ. పదిహేడేళ్ళ పిల్ల ఒక గుండీ కోసం అన్నం మానేస్తుంటే తల్లికి కనబడలేదు. ఇన్నాళ్ళూ నేను ఏం చూస్తున్నాను దాని మొహంలో. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అద్దంలో నా మీదే తెచ్చుకున్నాను. పైనుంచి తెల్లటి లైటు నెత్తి మీదే పడుతోంది, ఒంటి మీద ఉన్న ప్రతి మడతా కొత్తగా వచ్చినట్టు కనబడుతోంది. ఆమని పుట్టినప్పుడు చేసిన ఆపరేషన్ కుట్టు పొట్ట కింద అడ్డంగా ఉంది, ఈ జీన్స్ ఎక్కి ఉంటే గుండీ సరిగ్గా ఆ కుట్టు మీద వచ్చి కూర్చునేది. ఆ కుట్టు ఉన్న ఆడవాళ్ళు ఈ సుచిత్రలో ఎంతమంది లేరు, ఈ షాపులోనే ఇప్పుడు ఎంతమంది లేరు. ఊపిరి బిగబట్టి ఎంతసేపని ఉంటుంది మనిషి? ఎనిమిది గంటల డ్యూటీ. నేను ఊపిరి వదిలేశాను, జీన్స్ కూడా వదిలేశాను, అది కాళ్ళ దగ్గర కుప్పగా పడింది.

తలుపు అవతల సేల్స్‌మన్ గొంతు వినబడింది. ఇందాకటి నుంచీ నన్ను ఆంటీ అంటున్నాడు, అతనికీ నాకూ ఐదేళ్ళు తేడా ఉంటే ఎక్కువ. “ఆంటీ, మీ ఏజ్‌కి జెగ్గింగ్స్ మంచిగుంటయ్. మస్తు సాగుతయ్.”

“జేబులుంటయా?”

“జేబులెందుకాంటీ. బ్యాగ్ పట్టుకుంటరు గదా.”

బ్యాగ్ పట్టుకుంటానట. ఒక చేతిలో స్టీరింగు, ఒక చేతిలో బ్యాగ్. పెన్ను ఎక్కడ పెట్టాలి, తాళంచెవి ఎక్కడ పెట్టాలి, చేతి గ్లౌజులు ఎక్కడ పెట్టాలి, ఫోను ఎక్కడ పెట్టాలి. ఇందాక వేసి విప్పిన వాటిలో ఒకదానికి జేబు ఉన్నట్టు కుట్టు వేశారు, వేలు దూరుస్తే గోరు విరిగింది, లోపల జేబు లేదు. జేబు బొమ్మ. ఆడవాళ్ళకు దాచుకునేది ఏముంటుందని అనుకున్నాడో ఆ కుట్టినవాడు. నాకైతే దాచుకున్నది ఇరవై ఏళ్ళ నుంచి ఒకటి ఉంది.

నాకు సరిగ్గా సరిపోయిన జీన్స్ నా బతుకులో ఒక్కటే. అది నాది కాదు. పందొమ్మిదేళ్ళప్పుడు శామీర్‌పేట దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి అల్వాల్‌లో డిగ్రీ కాలేజీకి పోయేదాన్ని, పక్క బెంచీలో పూజ అని ఉండేది, వాళ్ళ అక్క జీన్స్ తెచ్చి, ఒక్కరోజు వేసుకో బాలా, నీకు బాగుంటుంది, రేపు ఇచ్చేయి, అంది. వాళ్ళింట్లో వేసుకున్నాను. ఊపిరి బిగబట్టలేదు, పడుకోలేదు, వేసుకున్నాను అంతే. ఆ రోజు రోడ్డు దాటడం గుర్తుంది నాకు, చూసిన సినిమాలు గుర్తులేవు కానీ ఆ రోడ్డు దాటడం గుర్తుంది. అడుగు ఎంత వేయాలనుకుంటే అంత పడింది. లంగా ఎత్తిపట్టుకోవడం లేదు, చున్నీ సర్దుకోవడం లేదు, కదిలిన బస్సు వెంట పరిగెత్తి ఎక్కాను, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. శామీర్‌పేటలో దిగేసరికి మా పెద్దన్న ధర్మేందర్ బండి మీద ఉన్నాడు. చూసి, బండి స్టార్ట్ చేసుకుని నాకంటే ముందు ఇంటికి పోయాడు. నేను వెళ్ళేసరికి అమ్మ జాకెట్లు కుట్టే కత్తెర చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. విప్పుకుని రా అన్నాడు. లోపలికి పోయి లంగా కట్టుకుని, దాన్ని మడతపెట్టి తెచ్చి ఇచ్చాను. మడతపెట్టి. ఎందుకు మడతపెట్టానో ఇప్పటికీ అనుకుంటాను. పూజకు ఇచ్చేది కదా, నలగకూడదని కాబోలు. ముందు ఒక కాలు కోశాడు, తర్వాత ఇంకో కాలు. కుట్ల దగ్గర కత్తెర నడవలేదు, బట్ట మందం, అన్న చెయ్యి నొప్పి పుట్టింది. అమ్మా, గా కొస పట్టుకో అన్నాడు. అమ్మ వచ్చి పట్టుకుంది. బాపు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అన్న కోస్తుంటే అమ్మ అటు చివర బిగించి పట్టుకుని నిలబడింది, చీర ఉతికి పిండేటప్పుడు పట్టుకుంటారే, అట్లా. ఆ ముక్కలను అమ్మ పారేయలేదు. మంచి మందం గుడ్డ అని మసిగుడ్డలు చేసింది. పెళ్ళయి మేడ్చల్ వచ్చేదాకా ఏడాదిన్నర పాటు నేను ఆ గుడ్డలతోనే పొయ్యి మీది గిన్నెలు దించాను. పూజకు పోగొట్టుకున్నానని చెప్పాను. వాళ్ళ అక్క గొడవ చేసిందట, పూజ నాతో మాట్లాడటం మానేసింది.

ఇప్పుడు మా అన్న ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడు, ఈసారి ఎలక్షన్లో నిలబడాలని లీడర్ల కార్ల వెంట తిరుగుతున్నాడు. పోయిన నెల ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు, వాళ్ళ పాప అశ్రిత మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్స్ వేసుకుని కొండ మీద నిలబడి ఉన్న ఫోటో, కింద ‘నా మహారాణి’ అని రాశాడు. చిరిగింది కొనుక్కొచ్చాడు. పిల్ల మీద నాకేం కోపం లేదు, బాగుంది, చల్లగా ఉండనీ. నేను ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు, అరగంటకోసారి తీసి చూశాను, ఆ చిరుగులను పెద్దవి చేసి చూశాను.

కొక్కేనికి తగిలించిన బ్యాగ్‌లో ఫోను మోగింది. తీశాను. మా అన్నే.

“ఏందే బాలమణీ,” అన్నాడు, “బావ జెప్పిండు. నువ్వేదో బండి నడ్పుతవట, జీన్స్ ఏస్కుంటవట.”

నా మొగుడు సుధాకర్ నిన్న రాత్రి నాతో, నీ ఇష్టం అన్నాడు. పొద్దున లేచి మా అన్నకు ఫోన్ చేశాడన్నమాట.

“అవు. రేపే.”

“నల్గురు సూస్తరే. నేను ఈపారి ఎలచ్చన్ల నిలవడుతున్న. ధర్మేందర్ చెల్లె గోడౌన్ల ప్యాంటేస్కోని బండ్లు తోల్తాందంటె ఏం బాగుంటది. నీకు కూసోని జేసే పని ఏదన్న నేను సూపిస్త తియ్.”

“గది గూడ కూసోని జేసే పనే అన్నా.”

“మాటకు మాట జెప్పకు.”

“అశ్రిత ఏస్కుంటలేదా?”

“అది చిన్నపిల్ల. సదువుకుంటాంది. దాని సంగతి ఏరు.”

“నాకు గూడ అప్పుడు పందొమ్మిదేండ్లే. నేను గూడ సదువుకుంటుంటి. కత్తెర యాదికుందా అన్నా?”

“ఏం కత్తెర?”

అవతల కారు తలుపు వేసిన చప్పుడు, ఎవరో నమస్తే అన్నా అనడం వినబడింది. “పూజ జీన్స్. వాకిట్ల. నువ్వు కోసినవ్, అమ్మ ఆ కొసకు పట్టుకున్నది.”

“ఏమోనే, నాకైతే యాదికి లేదు,” అన్నాడు. “గప్పటి ముచ్చట్లు గిప్పుడెందుకు. నువ్వైతే రేపు పోకు.”

“పోతున్న,” అని పెట్టేశాను.

మా అన్న అబద్ధమాడితే నాకు తెలుస్తుంది, గొంతు సన్నగా అయిపోతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ గొంతు సన్నబడలేదు. నిజంగానే గుర్తులేదు అతనికి. ఆ రాత్రి అన్నం తినేలోపే మర్చిపోయి ఉంటాడు. నేను ఇరవై ఏళ్ళు మోశాను. పొయ్యి మీంచి గిన్నె దించినప్పుడల్లా మోశాను, ఆమనికి మొదటి జీన్స్ కొన్న రోజు షాపులో కూడా మోశాను. అతను చేసింది తప్పని ఒప్పుకుంటాడనో, ఒప్పుకోడనో ఎన్నోసార్లు మనసులో వాదులాడుకున్నాను, రెండు పక్కలా నేనే మాట్లాడాను. ఇట్లా ఒకటుంటుందని, ఏం కత్తెర అంటాడని, ఒక్కసారి కూడా అనుకోలేదు. ట్రయల్ రూములో ఉన్న చిన్న స్టూలు మీద చుడీదార్ టాప్‌తోనే కూర్చుని, విప్పిపడేసిన జీన్స్‌ను కాలితో తన్నాను. తలుపుకు తగిలి కింద పడింది. ఇంకోసారి తన్నాను.

తలుపు కొట్టారు. ఆమని కాదు. “అక్కా, లోపల బాగనే ఉన్నవా?” అని ఆడ గొంతు. గడియ తీస్తే షాపు యూనిఫాం వేసుకున్న అమ్మాయి, మెడలో బ్యాడ్జి మీద వినోద అని ఉంది. కింద పడి ఉన్న ఆరు జీన్స్‌లనూ, నా మొహాన్నీ చూసింది. తలుపు దగ్గరికి వేసి, వెనక్కి తిరిగి, తన షర్టు కొంచెం పైకెత్తింది. ఆమె నల్ల ప్యాంటు నడుము వెనక రెండు పిన్నీసులు పెట్టి ఉన్నాయి.

“నేను ఈడ పన్జేయవట్టి నాలుగేండ్లు,” అంది. “గీ ఆడోళ్ళ ర్యాకుల నాకు ఒక్కటి గూడ సక్కగ రాలె. నా మాట ఇను. కింద మగోళ్ళ సెక్షన్‌ల, తొడలకు వచ్చేది తీస్కో. నడుము సంగతి మెట్ల కింద మల్లేశం తాత సూస్తడు.”

కిందికి దిగాను. మగవాళ్ళ జీన్స్ మందంగా, బరువుగా ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా దిగింది. ఇంకో జేబులో పెట్టాను, అదీ దిగింది. వెనక రెండు, ముందు రెండు, కుడివైపు పైన చిన్నది ఇంకొకటి. అంటే వీళ్ళకు జేబు కుట్టడం వచ్చు. ఇన్నాళ్ళూ నేను చేతకాదేమో అనుకున్నాను.

“ఆంటీ, అవి జెంట్స్‌వి,” అన్నాడు సేల్స్‌మన్ వెనకాలే దిగి వచ్చి.

“కాళ్ళు రెండే గదా,” అన్నాను.

షాపు బయట మెట్ల కింద, మిషన్ ముందు కూర్చున్న మల్లేశానికి అరవై దాటి ఉంటాయి. డబ్బు కట్టి జీన్స్ వేసుకునే వెళ్ళాను, తొడల్లోకి హాయిగా వచ్చింది, నడుము దగ్గర మాత్రం చేత్తో పట్టుకుని నడిచాను. ఆయన టేపు తీయలేదు. కళ్ళద్దాలు పైకి జరిపి, “గిది ఏస్కోని ఏం పని జేస్తవు బిడ్డా?” అని అడిగాడు. పొద్దున నుంచి నా సైజు అడిగారు, నా ఏజ్ చెప్పారు, ఏం పని చేస్తావని అడిగింది ఈయనొక్కడే. బండి గురించి చెప్పాను, మోకాలెత్తు మెట్టు ఎక్కాలని, పొద్దంతా కూర్చుని వెనక్కి తిరిగి చూస్తుండాలని చెప్పాను. ఆయన వింటూనే దారం ఎక్కించుకుంటున్నాడు. “అయితే నిలవడి కొలిస్తె లాభం లేదు. గీ స్టూలు మీద కూసో. ఇప్పుడు వంగు. ఇంక వంగు. కాలు ఎత్తు.” రోడ్డు మీద బస్సులు, షేర్ ఆటోలు, ఆదివారం జనం. మల్లేశం నా నడుము వెనక సుద్దతో రెండు గీతలు పెట్టాడు. “గాళ్ళు ముంగట ఎంతో ఎనక గూడ అంతే కోస్తరు. వంగినప్పుడు అది యాడికి పోవాలె మరి? పట్టీ ఇప్పి ఎనక లోపలికి పట్టి కుడ్త. కూసో, జల్దీనే ఐతది.”

మళ్ళీ నా చుడీదార్‌లోకి మారి వచ్చి పక్కన కూర్చున్నాను. ఆయన నడుము పట్టీ కుట్టు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. కత్తెర చప్పుడు వినబడినా కళ్ళు తిప్పుకోలేదు, కోసిన చోటల్లా మళ్ళీ కుడుతుండటం చివరిదాకా చూశాను. నా కోపం తగ్గిందేమో అని వెతుక్కున్నాను. తగ్గలేదు. సుధాకర్ మీద ఉంది, మా అన్న మీద ఉంది, బొమ్మ జేబు కుట్టినవాడి మీద ఉంది, కొస పట్టుకున్న అమ్మ మీద కూడా ఉంది, ఆమె మీద ఉందని ఇన్నాళ్ళూ నాకే చెప్పుకోలేదు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. కొడుకు పట్టుకోమంటే పట్టుకుంది, ఏం చేస్తుంది అని ఆమె తరఫున నేనే జవాబు చెప్పుకునేదాన్ని. వదిలేయొచ్చు కదా అమ్మా. కొస వదిలేస్తే అంతే, గుడ్డ వదులైతే కత్తెర నడవదు, నీకు తెలుసు కదా, బట్టలు కుట్టినదానివి.

లోపలికి పోయి వేసుకుని వచ్చాను. ఫుట్‌పాత్ మీదే, మెట్ల ముందే, గొంతుక్కూర్చున్నాను. జారలేదు. లేచి మళ్ళీ కూర్చున్నాను. బండి మీద పోతున్న ఒకడు తల తిప్పి చూశాడు, చూస్తే చూడనీ అని మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా అట్లాగే కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూసుకున్నాను, నడుము నడుము దగ్గరే ఉంది. ఆపరేషన్ కుట్టు మీద ఏమీ ఒత్తుకోవడం లేదు. నేను కూర్చుని ఉండగానే ఆమని మల్లేశం దగ్గరికి జరిగి, నాకు వినబడకూడదని చిన్నగా అడిగింది. “తాతా, నాది జర వదులు జెయ్యొస్తదా?”

“లోపల బట్ట ఉంటె ఐతది. ఇటు తిరుగు,” అన్నాడాయన.

నేను విననట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి దాంతోనే వెళ్ళాను, చుడీదార్ కవర్‌లో పెట్టుకుని. సుధాకర్ టీవీ ముందు నుంచి చూసి, “మీ అన్న ఫోన్ జేసిండా?” అన్నాడు. “నువ్వు జేపిచ్చినవు గదా,” అన్నాను. పొద్దున గోడౌన్ దాకా బండి మీద దించుతానన్నాడు. షేర్ ఆటోలో పోతానని చెప్పాను.

ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు బండి దగ్గర నిలబడ్డాను. మిగతా ముగ్గురిలో ఒకామె బిగుతు జీన్స్‌లో అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. ఇంటర్వెల్‌లో మల్లేశం సంగతి చెప్పాలనుకున్నాను. ముందు నా పేరే పిలిచారు. మోకాలెత్తు మెట్టు మీద కాలు పెట్టాను, పైకి ఎక్కి సీట్లో కూర్చునేదాకా నా చేతులు రెండూ ఇనప కడ్డీ మీదే ఉన్నాయి, బట్ట కోసం వెతకలేదు. జనార్ధన్ సార్ బెల్టు చూపించాడు, బ్రేకు చూపించాడు. “కదిలిచ్చేముందు ఒకసారి హారన్ గొట్టు. ఎనక ఎవలన్న ఉంటె జరుగుతరు,” అన్నాడు. నేను హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. రేకుల కప్పు కింద అంత పెద్ద గోడౌనూ ఆ చప్పుడుతో నిండిపోయింది, ప్యాకింగులో వాళ్ళు పని ఆపి చూశారు, చివరన లోడింగ్ గేటు దగ్గర డ్రైవర్లు తిరిగి చూశారు. చెయ్యి తియ్యలేదు.

“సాలు సాలు, జరిగిండ్రు,” అన్నాడు సార్.

ఇంకాసేపు నొక్కి, అప్పుడు గేరు వేశాను.